జనవరి పూతకు జులైలో కాపలా



రథయాత్ర వెళ్లిపోయింది. తోటల్లో ఆఖరి మామిడికాయ కూడా దిగింది. బరంపురం ఇళ్లల్లో ఆవకాయ జాడీలకు వాసెనలు కట్టేశారు. ఇక మామిడిచెట్టు వైపు ఎవరూ తల తిప్పి చూడరు. మళ్లీ డిసెంబరు నెలాఖరుకు పూమొగ్గ కనిపించాక మందుల డబ్బా పట్టుకుని పరిగెడతాం. అప్పటికే ఆలస్యమైపోయి ఉంటుంది. జనవరిలో పూతను మాడ్చే బూజు ఈ వానల్లో, మనం చెట్టుమీద వదిలేసిన ఎండుపుల్లల్లో తడుస్తూ కూర్చుని ఉంది. ఆ సంగతి చెప్పడానికే ఈ పూట మీ ముందుకు వచ్చాను.

నేను ఉండేది బరంపురం పక్కన హల్దియాపదర్‌లో. కొత్త బస్టాండు వచ్చాక, జాతీయ రహదారి పక్కన ఇళ్లు లేచాక ఊరి రూపం మారిపోయింది కానీ, మాలాంటి వాళ్లకు ఇంకా మట్టి వదల్లేదు. మా తోట దిగపహండి దారిలో ఉంది. మామిడి, గట్ల మీద కొబ్బరి, రాతినేల తగిలినచోట జీడిమామిడి. నాన్నగారు వేసిన చెట్లు కొన్ని, నేను వేసినవి కొన్ని.

ఈమధ్య హైదరాబాదులో ఉంటున్న మా మేనల్లుడు ఫోన్ చేశాడు. "మావయ్యా, జర్దాలు మొక్కలు దొరుకుతున్నాయట, మన తోటలో వేద్దామా?" అని అడిగాడు. జర్దాలు అంటే హైదరాబాదు పెళ్లిళ్లలో పెట్టే ఖుబానీ కా మీఠాలోని ఆ పండు. దాని సొంతూరు చలిదేశం. చలికాలం గట్టిగా చలి తగిలితే తప్ప ఆ చెట్టు మొగ్గ విడవదు. లద్దాఖ్‌లో, కార్గిల్ చుట్టుపక్కల, హిమాచల్ కొండల్లో పండుతుంది. లేహ్‌లో ఏడాది మొత్తానికి కురిసే వాన 100 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. మన గంజాంలో సుమారు 1,300. ఇక్కడ జర్దాలు బతకదురా అని వాడికి చెప్పాను. చెప్పానే గానీ, ఆ చెట్టుకు వచ్చే తెగుళ్లేమిటో చూద్దామని నాలుగు పుస్తకాలు తిరగేశాను. చదువుతుంటే మన మామిడి తోట గురించే రాసినట్టు అనిపించింది.

యూరప్ తోటల్లో జర్దాలును బాగా పీడించేది మోనీలియా అనే శిలీంధ్రం. పూత మీద తడి నిలిస్తే చాలు, పువ్వులోంచి దూరి, రెమ్మలోకి దిగి, దాన్ని ఎండబెడుతుంది. పండు మీదికి వస్తే కుళ్లబెడుతుంది. కుళ్లిన పండ్లలో కొన్ని రాలవు, కొమ్మనే పట్టుకుని ముడుచుకుపోయి వేలాడతాయి. శీతకాలమంతా ఆ ఎండుపండ్లలోనే శిలీంధ్రం దాక్కుంటుంది. మళ్లీ పూత రాగానే అక్కణ్నుంచే బీజాలు ఎగిరి కొత్త పూల మీద పడతాయి. అందుకని అక్కడి రైతు మందు కొట్టడానికి ముందే ఆ ఎండుపండ్లను ఏరి, ఎండిన రెమ్మలను కత్తిరించి కాల్చేస్తాడు. మందు ఆ తర్వాతి మాట. మన తోటలో మనం తలకిందులుగా చేస్తున్నాం. మందు ముందు, కత్తెర ఎప్పుడో వీలైనప్పుడు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. జర్దాలు అనేది ఫారసీ మాట. జర్ద్ అంటే పసుపుపచ్చ, ఆలూ అంటే ఆలుబుఖారాలాంటి పండు. బీహారులో భాగల్‌పూర్ వైపు జర్దాలు అనే పేరుతో మామిడి రకమే ఉంది. 2018లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఒడియాలో హళదియా అంటే పసుపుపచ్చ. ఆ పేరున్న ఊళ్లో ఉండి నేను మాట్లాడవలసింది కొండల మీది జర్దాలు గురించి కాదు, మన మామిడి గురించే.

ఇక తోటలోకి వెళ్దాం. జనవరి నెల, తెల్లవారుజాము. గోపాల్‌పూర్ సముద్రం మనకు ఎంతో దూరం లేదు. రాత్రంతా గాలిలో తేమ. తెల్లారేసరికి ఆకుల కొసల నుంచి మంచు బొట్లుబొట్లుగా రాలుతుంది. పూత నిండుగా ఉంది. దగ్గరికి వెళ్లి పూగుత్తిని చేత్తో పట్టుకుని చూడండి. అక్కడ మీకు మూడు రకాల జబ్బుల్లో ఏదో ఒకటి కనబడవచ్చు. ఆ మూడింటినీ వేరుచేసి గుర్తుపట్టగలిగితే సగం ఖర్చు మిగులుతుంది. గుర్తుపట్టకుండా కొట్టిన మందులో ఎక్కువ భాగం వృథా. ఇన్నేళ్లలో నాకు బాగా తెలిసివచ్చింది ఇదే.

మొదటిది బూడిద తెగులు. పూగుత్తి మీద, పూరేకుల మీద, పిందె మీద విభూది చల్లినట్టు తెల్లని పొడి. వేలితో రాస్తే వేలికి అంటుతుంది. పూలు విచ్చుకోకుండానే రాలిపోతాయి, బఠాణీ గింజంత పిందెలు నేలంతా పరుచుకుంటాయి. దీనికి వాన అక్కర్లేదు. రాత్రి చల్లగా ఉండి మంచు పడుతూ, పగలు పొడిగా, ఆకాశం కాస్త మబ్బుగా ఉంటే బాగా పెరుగుతుంది. గట్టివాన కురిస్తే దీని బీజాలు కొట్టుకుపోతాయి. దీనికి మన తాతల నాటి మందు గంధకమే. నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు. పూమొగ్గ బయటపడి పూలింకా విచ్చుకోక ముందే మొదటిసారి కొట్టాలి, పిందె కట్టాక అవసరాన్ని బట్టి మళ్లీ. ఎండ ముదిరినప్పుడు గంధకం కొడితే పూత మాడిపోతుంది, కాబట్టి సాయంత్రమో, మంచు ఆరిన ఉదయమో కొట్టండి. పూత పూర్తిగా విచ్చుకున్న రోజుల్లో మాత్రం ఏ మందూ వద్దు. మామిడి పూలకు పరాగం మోసేవి ఈగలు, తేనెటీగలు. వాటిని చంపుకుంటే బూడిద లేకపోయినా కాయ ఉండదు. నీలం, బెంగుళూరా, ఇందాక చెప్పిన భాగల్‌పూర్ జర్దాలు, ఈ రకాలు బూడిదను కొంతవరకు తట్టుకుంటాయి. కొత్తగా మొక్కలు వేసేవాళ్లు ఆ మాట గుర్తుంచుకోండి.

రెండోది మచ్చ తెగులు. కొందరు పక్షికన్ను తెగులు అంటారు. దీని గురించి కాస్త ఎక్కువసేపు చెబుతాను, ఎందుకంటే మన సముద్రతీరపు తోటల్లో అసలు దొంగ ఇదే.

కొన్నేళ్ల కిందట మా అమ్మాయి అత్తవారింటికి, శ్రీకాకుళం, ఒక బుట్ట బంగినపల్లి పంపాను. ఒక్కో కాయనూ చేత్తో తుడిచి, గడ్డిలో పేర్చి పంపాను. మచ్చుకైనా మచ్చ లేదు. నాలుగో రోజు మా వియ్యపురాలు ఫోన్ చేసి, "అన్నయ్యగారూ, పళ్లు పండగానే నల్లమచ్చలు తేలిపోయాయండి, సగం పారేశాం" అని నొచ్చుకుంటూ చెప్పింది. దారిలో బండి కుదుపులకు దెబ్బ తిన్నాయేమో అనుకున్నాను. కాదని తర్వాత తెలిసింది. ఆ మచ్చ దారిలో పడింది కాదు. ఫిబ్రవరిలో, కాయ గోళీకాయంత ఉన్నప్పుడే దానిమీద పడిన బీజం అది.

ఈ శిలీంధ్రం పేరు కొల్లెటోట్రైకం. లేత పిందె మీద తడి దొరికితే బీజం మొలకెత్తి, తొక్కలోకి చిన్న వేరులాంటిది దించుతుంది. పచ్చికాయలోని సొన, వగరు దాన్ని ముందుకు పోనివ్వవు. అప్పుడది చచ్చిపోదు, తొక్క కిందే పడుకుంటుంది. నెలల తరబడి అలాగే ఉంటుంది. కాయ పండుబారి ఆ రక్షణ సన్నగిల్లగానే లేచి మచ్చై పెరుగుతుంది. అందుకే తోటలో కాయ నిగనిగలాడుతూ కనిపించినా మండీలో నల్లబడుతుంది. మనం పంపిన బుట్ట చేరినచోట మన పేరు పోతుంది.

మరి ఆ బీజం పిందె మీదికి ఎక్కణ్నుంచి వచ్చింది? ఇక్కడే కత్తెర పని మొదలవుతుంది. చెట్టు లోపల నీడలో చచ్చిన పుల్లలు, కిందటేటి ఎండిన పూకాడలు, మచ్చలుపడి ముడతపడిన పాత ఆకులు, ఇవన్నీ దాని పుట్టిళ్లు. వాన పడ్డప్పుడు ఈ పుల్లల మీద బీజాలు జిగురులా ఊరతాయి. చినుకు పడి చిట్లినప్పుడల్లా తుంపరతోపాటు కింద కొమ్మకు, పక్క పూతకు చేరతాయి. బూడిద గాలిలో ఎగురుతుంది, మచ్చ తెగులు నీటిలో ప్రయాణిస్తుంది. బూడిదకు మంచు చాలు, దీనికి చినుకు కావాలి. ఈ ఒక్క తేడా తెలిస్తే ఏ మందు ఎప్పుడన్నది సగం తేలిపోతుంది. పూత మీద ఉండగా బంగాళాఖాతంలో అల్పపీడనం లేచి రెండు రోజులు ముసురు పట్టిందంటే మచ్చ తెగులు గురించి జాగ్రత్తపడాలి. మంచు దట్టంగా ఉండి వాన లేదంటే బూడిద కోసం చూడాలి.

మచ్చ తెగులుకు లీటరు నీటికి కార్బెండజిమ్ 1 గ్రామో, మాంకోజెబ్ 2.5 గ్రాములో, కాపర్ ఆక్సీక్లోరైడ్ 3 గ్రాములో చెబుతారు. వీటిలో కార్బెండజిమ్ ఒక్కటే ప్రతిసారీ కొడుతూ పోతే శిలీంధ్రం దానికి అలవాటుపడిపోతుంది, తర్వాత ఎంత కొట్టినా పనిచేయదు. రాగి, గంధకం లాంటి పాత మందులకు ఆ ఇబ్బంది చాలా తక్కువ. అందుకని మార్చి మార్చి వాడండి. డబ్బా మీద రాసిన మోతాదు, కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలన్నది చదివి, చదవలేకపోతే బడికెళ్లే పిల్లలచేత చదివించుకుని పాటించండి. రేపు ఆ పండును తినేది మన పిల్లలూ, ఊళ్లోవాళ్ల పిల్లలూనే.

కోశాక కూడా ఒక ఉపాయం ఉంది. 52 డిగ్రీల దగ్గర నిలిపిన వేడినీళ్లలో కాయలను సుమారు 10 నిమిషాలు ఉంచి తీసి ఆరబెడితే, తొక్క కింద పడుకున్న శిలీంధ్రం చాలావరకు చస్తుంది. థర్మామీటరు లేకుండా మాత్రం ఈ పని చేయకండి. వేడి రెండు డిగ్రీలు తగ్గితే ఫలితం ఉండదు, ఎక్కువైతే కాయ ఉడికిపోతుంది. ఒక రైతు ఒంటరిగా చేసుకోలేడు. పది మంది కలిస్తే ఒక తొట్టి పెట్టుకోవచ్చు. మన గంజాం రైతు సంఘాలు దీని గురించి ఆలోచించాలని నాకెంతో కోరిక. ఇక కోసేటప్పుడు తొడిమ ఒక సెంటీమీటరైనా ఉంచి కోయాలి. తొడిమ ఊడితే సొన కారి తొక్క కాలుతుంది, ఆ గాయంలోంచే తొడిమ కుళ్లు కూడా దిగుతుంది.

మూడోది మసి. ఆకులు బొగ్గుపొడి రాసినట్టు నల్లబడతాయి. ఒక ఏడాది మా తోట ఇలాగే నల్లబడితే, మందుల దుకాణంలో ఇచ్చిన శిలీంధ్రం మందు రెండుసార్లు కొట్టించాను. నలుపు పోలేదు. తోటలో పనిచేసే ముసలాయన ఒక ఆకు కోసి నా చేతికిచ్చి, "రాసి చూడు బాబూ" అన్నాడు. జిగటగా ఉంది. తలెత్తి చూస్తే కొమ్మ సందుల్లో గోధుమరంగు చిన్న పురుగులు చిటచిటమని ఎగురుతున్నాయి. తేనెమంచు పురుగు. అది రసం పీల్చి తేనెలాంటి జిగురు విసర్జిస్తుంది, ఆ జిగురు మీద మసి పెరుగుతుంది. ఈ మసి ఆకు లోపలికి దిగే జబ్బే కాదు, ఆకు మీద పరుచుకుని ఎండను అడ్డుకుంటుందంతే. పురుగును ఆపకుండా మసికి మందు కొట్టడం దండగ. అందుకని పూమొగ్గ దశలోనే పూకాడలూ మానుబెరడు సందులూ చూసి పురుగు కనబడితే వేపమందుతో మొదలుపెట్టండి. ఉన్న మసి పోవడానికి గంజి చాలు. కిలో మైదాను 5 లీటర్ల నీళ్లలో ఉడకబెట్టి, చల్లార్చి, 20 లీటర్లకు పలుచన చేసి ఎండ ఉన్న రోజున కొట్టండి. ఎండకు ఆరి, పొరలు పొరలుగా మసితోసహా ఊడి రాలిపోతుంది. మా ఇంట్లోవాళ్లు నమ్మలేదు, కళ్లారా చూశాక నమ్మారు.

ఇప్పుడు ఈ జులైలో చేయవలసిన పని. కాయలు దిగిన చెట్టు కిందికి వెళ్లి తలెత్తి చూడండి. ఆకాశం కనబడుతోందా? కనబడకపోతే ఆ చెట్టు లోపల తడి ఆరదు. నాన్నగారి కాలంలో 10 మీటర్లకొక మొక్క చొప్పున, ఎకరాకు 40 వేశారు. ఇన్నేళ్లకు కొమ్మలు ఒకదానిలోకొకటి అల్లుకుపోయాయి. లోపలికి గాలి లేదు, వెలుతురు లేదు. శిలీంధ్రానికి అంతకు మించిన ఇల్లు ఏముంటుంది? వానలు తెరిపిచ్చిన రోజు చూసుకుని ముందు ఎండుకొమ్మలు తీయండి. ఎండినచోట కోస్తే సరిపోదు. పచ్చిభాగంలోకి జానెడు దిగి కోయాలి, ఎందుకంటే శిలీంధ్రం ఎండు కనిపించే హద్దు దాటి ముందే పోయి ఉంటుంది. తర్వాత లోపలికి పెరిగిన కొమ్మలు, ఒకదానితో ఒకటి రాసుకునేవి, నేలకు ఆనేవి తీయండి. కోసిన పుల్లలను చెట్టు మొదట్లో కుప్పవేయకండి. గట్టు దాటించి కాల్చేయండి. జబ్బు కొమ్మ కోసిన రంపాన్ని తుడవకుండా ఆరోగ్యంగా ఉన్న కొమ్మ మీద పెట్టకండి.

కోసిన గాయాలకు బోర్డో పేస్టు. చెట్టంతటికీ వానల మధ్యలో ఒకసారి ఒక శాతం బోర్డో మిశ్రమం. దీని గురించి చెప్పకుండా ఉండలేను. నా దృష్టిలో పండ్లతోట రైతు చేతికి వచ్చిన మందుల్లో ఇంతకంటే నమ్మకమైనది లేదు. దీని పుట్టుక ఫ్రాన్సులో. బోర్డో ప్రాంతపు ద్రాక్షతోటల్లో దారిన పోయేవాళ్లు పళ్లు కోసుకుపోకుండా, దారి పక్క తీగల మీద మైలుతుత్తం, సున్నం కలిపి చల్లేవారు. నీలంగా, అసహ్యంగా కనిపిస్తే ఎవరూ ముట్టుకోరని. 1882లో మిలార్డే అనే శాస్త్రవేత్త అటుగా వెళుతూ ఆ తీగలకు మాత్రం బూజు తెగులు లేకపోవడం గమనించాడు. ప్రయోగాలు చేసి 1885లో ప్రకటించాడు. 140 ఏళ్లవుతోంది, ఇప్పటికీ పనిచేస్తోంది.

చేసే విధానం ఇంట్లో పులుసు కాచినంత తేలిక, కానీ వరస తప్పకూడదు. కిలో మైలుతుత్తం పొడిచేసి 50 లీటర్ల నీళ్లలో కరగబెట్టాలి. వేరే తొట్టిలో కిలో మంచి సున్నం తడిపి, 50 లీటర్ల సున్నపునీళ్లు చేసి వడకట్టుకోవాలి. మైలుతుత్తం నీళ్లను సున్నపు నీళ్లలోకి పోస్తూ కర్రతో కలపాలి. తొట్టెలు ప్లాస్టిక్‌వో, మట్టివో, చెక్కవో కావాలి, ఇనుము పనికిరాదు. కలిపాక, మెరుగుపెట్టిన కొడవలి మొనను ఒక నిమిషం ముంచి తీయండి. మొన మీద రాగిరంగు పట్టిందంటే సున్నం చాలలేదన్నమాట, ఇంకా కలపండి. లేకపోతే ఆకు మాడుతుంది. చేసిన రోజే వాడేయాలి, మర్నాటికి బలం ఉండదు. పేస్టుకైతే కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 10 లీటర్ల నీళ్లు. గాయాలకూ, మానుకు నడుమెత్తు వరకూ కుంచెతో పూయండి.

కొబ్బరి ఉన్నవాళ్లు ఈ మిశ్రమం సంగతి మరీ శ్రద్ధగా వినాలి. మొవ్వు కుళ్లు తెగులు వానల్లోనే వస్తుంది. నడిమి మొవ్వాకు వడలి, లాగితే ఊడి చేతికొస్తుంది, దుర్వాసన వేస్తుంది. తొందరగా గుర్తిస్తే కుళ్లిందంతా తీసేసి, బోర్డో పేస్టు పెట్టి, వాన దిగకుండా కుండ బోర్లించి చెట్టును దక్కించుకోవచ్చు. చుట్టుపక్కల చెట్ల మొవ్వుల్లో బోర్డో మిశ్రమం పోయాలి. ఈ జబ్బు చరిత్రలో మన తెలుగునేలకు ఒక పేజీ ఉంది. గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజులవి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడేదాకా మనమూ అందులోని వాళ్లమే కదా. గత శతాబ్దం మొదట్లో గోదావరి డెల్టాలో తాటిచెట్ల మొవ్వులు కుళ్లి, తోపులు తోపులే మోడులైపోయాయి. బీహారులోని పూసా పరిశోధన సంస్థ నుంచి ఎడ్విన్ బట్లర్ అనే శాస్త్రవేత్త వచ్చి పరీక్షించి, కారణమైన జీవిని పట్టుకుని 1907లో దానికి పేరుపెట్టాడు. ఇప్పుడు దాన్ని ఫైటోఫ్తోరా పామివోరా అంటున్నారు. కోకో కాయను కుళ్లబెడుతూ ప్రపంచమంతా రైతుల్ని ఏడిపించేది అదే. నేటి శాస్త్రం దీన్ని అసలు శిలీంధ్రాల్లో లెక్కించదు, నీటిబూజుల జాతిలో వేస్తుంది. ఆనాడు వ్యవసాయశాఖ మనుషులు లంకలన్నీ తిరిగి, జబ్బు చెట్ల తలలు నరికించి కాల్పించారు. ఒకరి తోపులో నరికి, పక్కవాడి తోపులో వదిలేస్తే ఆ పని నిలిచేది కాదు. అందరి చెట్లనూ చూశారు.

ఏ చెట్టునూ వదలకూడదన్న ఆ మాట మనకు తుపాను తర్వాత బాగా పనికొస్తుంది. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. తెల్లారి తోటలోకి వెళ్లినవాళ్లకు ఆ దృశ్యం చెప్పనక్కర్లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటి, ఉద్దానం కొబ్బరినీ జీడితోటల్నీ నేలమట్టం చేసింది. పడిపోయిన చెట్టు కంటికి కనబడే నష్టం. నిలబడ్డ చెట్లకు చీలిన కొమ్మలు, ఊడిన బెరడు, వాటిలోంచి దిగిన శిలీంధ్రం మరుసటి రెండు మూడేళ్లపాటు కనబడకుండా తినే నష్టం. కొమ్మ ఎండు తెగులు గాయంలోంచే వస్తుంది. కొస నుంచి మొదలై కిందికి ఎండుతూ వస్తుంది, ఆకులు ఎర్రబడి రాలకుండా వేలాడతాయి, మాను నుంచి బంక కారుతుంది. జీడిమామిడిలో టీదోమ కుట్టిన చోట్లలోంచీ ఇలాగే శిలీంధ్రం దూరి చిగుళ్లను మాడుస్తుంది. ఆకాశం తెరిపిచ్చిన వారం రోజుల్లో చీలిన ప్రతి కొమ్మనూ నున్నగా కోసి పేస్టు పూయగలిగినవాళ్ల చెట్లు కోలుకుంటాయి. ఫైలిన్ తర్వాత మా తోటలో సగం చెట్లకే నేను ఆ పని చేయగలిగాను. కూలీలు దొరకలేదు, అందరి ఇళ్ల కప్పులూ ఎగిరిపోయాయి. ఆ పని జరగని సగంలో తర్వాతి ఏళ్లలో ఒక్కొక్కటిగా ఎండిన చెట్లను నరికించాను. మళ్లీ అక్టోబరు వస్తోంది. నాలుగు కిలోల మైలుతుత్తం, ఒక మంచి రంపం ఇంట్లో పెట్టుకోండి.

శిలీంధ్రాన్ని చిన్నచూపు చూడకూడదని ఒడిశా వాళ్లకు వేరే చెప్పాలా? 1942లో బెంగాల్ వరిని గోధుమరంగు ఆకుమచ్చ తెగులు దెబ్బతీసింది. ఆ మరుసటి ఏడే కరువు. కరువుకు యుద్ధకాలపు పాలన, ధరలు, రవాణా ఎన్నో కారణాలున్నా, ఆ తెగులు పాత్రను లెక్కలతో రాసినవారు ఎస్.వై. పద్మనాభన్. కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థకు సంచాలకులుగా పనిచేసిన శాస్త్రవేత్త. ఆ సంస్థ 1946లో మొదలైంది.

ఇవాళ మనకు ఆనాటి రైతులకు లేని సౌకర్యాలున్నాయి. వాతావరణ శాఖ ప్రతి మంగళవారం, శుక్రవారం జిల్లాలవారీగా వ్యవసాయ సలహా ఇస్తుంది. ఫోనులో మేఘదూత్ యాప్ పెట్టుకుంటే స్థానిక భాషలో వస్తుంది. పూత సమయంలో ముసురు వస్తుందని రెండు రోజుల ముందే తెలిస్తే, పూలు ఇంకా విచ్చుకోకపోతే ముందే రాగిమందు కొట్టుకోవచ్చు. తడిసిన తర్వాత కొట్టినదానికంటే తడవకముందు కొట్టినదే కాపాడుతుంది. భంజనగర్‌లో, గొళంతరాలో కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి. అనుమానమొస్తే రెండు ఆకులు, ఒక పూగుత్తి కాగితంలో చుట్టి తీసుకెళ్లండి. ప్లాస్టిక్ సంచిలో వద్దు, వెళ్లేలోపే కుళ్లిపోతుంది. కిసాన్ కాల్ సెంటరు నంబరు 1800 180 1551, పైసా ఖర్చు లేదు. మందు పేరు అడగడానికి ముందు, "ఇది బూడిదా, మచ్చా, మసా?" అని అడగండి.

పక్క తోట మీది కాకపోయినా, దానిలోని ఎండుపుల్లల బీజం మీ తోటలోకే వస్తుంది. మా పక్క తోట యజమాని భువనేశ్వర్‌లో ఉంటాడు, ఏడాదికి ఒకసారి కాయలకు వస్తాడు. ఈసారి ఆయన కొమ్మలు కూడా నేనే కోయిస్తానని ఫోన్ చేసి చెప్పాను, ఆయన సంతోషంగా ఒప్పుకున్నాడు. మీరూ మీ పక్కవాళ్లను ఒకమాట అడగండి.

ఈ వారంలో వాన తెరిపిచ్చిన ఒక ఉదయం చూసుకుని, కొడవలి, రంపం, తాడు తీసుకుని తోటకు వెళ్లండి. ముందుగా ఒక్క చెట్టుకు చేయండి. కోసిన ఎండుపుల్లలన్నీ ఆ సాయంత్రమే కాల్చేయండి.